ఆ మూడు వారాల సంగతి ఉత్తరంలో ఏదీ?

పరిశోధన దారి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర ఓ పల్లె. నాన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తారు. నేను ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేశాను. 71 శాతం వచ్చింది. పరిశోధన ఫెలోషిప్ కోసం సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష రెండుసార్లు రాస్తే రెండుసార్లూ కొద్దిలో పోయింది. మన దేశంలోనూ, జర్మనీ, అమెరికాల్లోనూ కలిపి 83 మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను. ముగ్గురు జవాబిచ్చారు. ముగ్గురూ ఖాళీ లేదన్నారు. మా కాలేజీ పేరు చూసి పక్కన పెడుతున్నారా? నా ఇంగ్లీషు బాగోలేదా? నా ప్రాజెక్టు కూడా గొప్పదేమీ కాదు. మా చుట్టుపక్కల ఊళ్ళ బావి నీళ్ళలో ఫాస్ఫేట్, సిలికా కొలిచాను. మా పెదనాన్న కిడ్నీ జబ్బుతో పోయారు, అందుకే ఆ నీళ్ళు కొలవాలనిపించింది. అందులోనూ మూడు వారాలు వృథా అయ్యాయి. నమూనా వేయని బ్లాంక్ ట్యూబు రోజూ నీలంగా మారిపోయేది. చివరికి చూస్తే గాజుసామాను కడిగే సబ్బు పొడి వల్ల అని తేలింది. ఇంట్లో బీఈడీ చేసుకోమంటున్నారు. నేను పంపిన మెయిల్ కాపీ జత చేశాను. నన్ను మీ శిష్యురాలనుకుని ఏం చేయాలో చెప్పండి.
ఒక పాఠకురాలు, పలాస

జవాబు: అమ్మా, శిష్యురాలనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

నీ మెయిల్ మూడుసార్లు చదివాను. మీ విశిష్టమైన పరిశోధనలు నన్ను ఎంతో ఆకర్షించాయి అని మొదలైంది. నేను కష్టపడే తత్వం, నేర్చుకోవాలనే తపన ఉన్న విద్యార్థినిని అని సాగింది. దయచేసి ఒక అవకాశం ఇప్పించగలరు అని ముగిసింది. ఇంగ్లీషులో రెండు చిన్న తప్పులున్నాయి, వాటి వల్ల ఎవరూ నిన్ను కాదనరు. అసలు ఇబ్బంది వేరే ఉంది. ఆ ఉత్తరం కింద నీ పేరు తీసేసి మీ క్లాసులో ఇంకెవరి పేరు పెట్టినా సరిపోతుంది. పైన ప్రొఫెసర్ పేరు మార్చినా సరిపోతుంది. 83 మందికీ అదే ఉత్తరం వెళ్ళింది కదా, అది వాళ్ళకు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

నేను హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో 26 ఏళ్ళు పాఠాలు చెప్పాను. వేరుశనగ వేళ్ళ దగ్గరుండే బాక్టీరియా మట్టిలో గడ్డకట్టిన ఫాస్ఫేట్‌ను ఎలా కరిగించి మొక్కకు అందిస్తుందన్నది మా ల్యాబు పని. పొద్దున్నే మెయిల్ తెరిస్తే ఉద్యోగం కోసమో, పీహెచ్‌డీ కోసమో రాసినవి పదిదాకా ఉండేవి. మనసుండీ అన్నిటికీ జవాబు రాయలేకపోయేదాన్ని. ఎవరైనా తన చేత్తో చేసిన పని ఒక్కటి చెబితే మాత్రం ఆగి చదివేదాన్ని. కాలేజీ పేరు చూడరని నీకు అబద్ధం చెప్పను. చూస్తారు. కానీ అది వేరే ఏమీ చూడటానికి లేనప్పుడు చూసేది.

నీ దగ్గర చూడటానికి ఉంది. నాకు రాసిన ఉత్తరంలో ‘మూడు వారాలు వృథా’ అని మూడు వాక్యాల్లో తేల్చేశావు చూడు, అదే. ఆ సంగతి నీ మెయిల్‌లో ఎక్కడ వెతికినా లేదు. అక్కడ నీ ప్రాజెక్టు గురించి ‘నీటి నాణ్యత పరీక్షలు’ అని రెండు ముక్కలున్నాయి, అంతే.

అప్పుడు ఏం జరిగి ఉంటుందో నేను ఊహించగలను. నమూనా నీళ్ళు ఒక ట్యూబులో, ఏ నమూనా లేని ఉత్త డిస్టిల్డ్ వాటర్ బ్లాంక్ ట్యూబులో. రెండింటికీ ఆమ్లంలో కలిపిన అమోనియం మాలిబ్డేట్ పోస్తావు. ఫాస్ఫేట్ ఉంటే దానితో కలుస్తుంది. తర్వాత ఏఎన్‌ఎస్‌ఏ అనే రసాయనం వేయగానే నీలం తేలుతుంది, ఎంత ఫాస్ఫేట్ ఉంటే అంత చిక్కగా. 660 నానోమీటర్ల దగ్గర రీడింగు తీస్తావు. బ్లాంక్ తెల్లగా ఉండాలి. నీది నీలమైంది. డిస్టిల్డ్ వాటర్ మార్చి ఉంటావు, పోలేదు. మాలిబ్డేట్ కొత్తగా కలిపి ఉంటావు, పోలేదు. చివరికి గాజుసామాను అనుమానించావు. కాలేజీలో అటెండరు బట్టల సబ్బు పొడితో తోమిపెడతాడు, ఆ పొడిలో ఫాస్ఫేట్ ఉంటుంది, ఎంత కడిగినా గాజుకు కాస్త అంటుకునే ఉంటుంది. పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాక బ్లాంక్ తెల్లబడి ఉంటుంది. ఆ రోజు నీకెంత సంతోషమేసిందో నాకు తెలుసు, ఎందుకంటే మా ల్యాబులో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ ఈ బాధ ఒకసారి తప్పేది కాదు. కొంతమంది బ్లాంక్ రీడింగును తీసివేసి లెక్క సరిపెట్టేసేవాళ్ళు. నువ్వు సరిపెట్టలేదు, కారణం దొరికేదాకా వెతికావు. పీహెచ్‌డీలో నాలుగైదేళ్ళు చేసే పని ఇదేనమ్మా. దాన్ని మూడు వారాల్లో ఎవరూ చెప్పకుండా చేసినదానివి, వృథా అంటావేం?

ఇంకో మాట. ఈ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పేరు. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారే. 1922లో అమెరికా వెళ్ళి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఈ పద్ధతిని ప్రచురించారు. మన కాలేజీల్లో ఎమ్మెస్సీ పిల్లలంతా ఈ ప్రయోగం రికార్డులో రాస్తారు. ఆ పేరులో రెండో సగం ఎవరని ఇంటర్వ్యూల్లో నేను అడిగేదాన్ని. పది మందిలో ఇద్దరు ముగ్గురు చెప్పేవాళ్ళు. చెప్పలేనివాళ్ళకు మార్కులు తగ్గించలేదు కానీ, ప్రతిసారీ మనసు చివుక్కుమనేది.

ఇక ఉత్తరం ఎలా రాయాలి అంటావా. ఇంగ్లీషులోనే పంపాలి, కానీ ముందు తెలుగులో రాసుకో. తెలుగులో రాస్తే ‘తపన ఉన్న విద్యార్థిని’ లాంటి మాటలు వాటంతటవే రాలిపోతాయి, ఎందుకంటే మనం ఎవరితోనూ అలా మాట్లాడం. నీ ఉత్తరం నేనైతే ఇలా మొదలుపెడతాను:

‘మా ఉద్దానం ప్రాంతంలో 12 ఊళ్ళ బావుల నుంచి నీళ్ళు తెచ్చి ఫాస్ఫేట్, సిలికా కొలిచాను. మొదటి మూడు వారాలు నా బ్లాంక్ నీలంగా వచ్చింది. నీళ్ళు, రసాయనాలు ఒక్కొక్కటిగా మార్చి చూసి, గాజుసామానుకు అంటిన సబ్బులోని ఫాస్ఫేట్ కారణమని పట్టుకున్నాను. ఆమ్లంతో కడిగాక పోయింది. సిలికా కూడా మాలిబ్డేట్‌తో నీలం ఇస్తుంది కాబట్టి రెండింటినీ విడిగా ఎలా కొలిచానో జత చేసిన రెండు పేజీల్లో ఉంది. మీరు మూత్రపిండాల కణాల మీద చేస్తున్న పనిలో ఫలానా వ్యాసం చదివాను. అందులో మూడో బొమ్మ దగ్గర నాకొక సందేహం వచ్చింది.’

12 అని నేను ఊరికే రాశాను, నువ్వు కొలిచినవి ఎన్నో అంతే రాయి. సందేహం నిజమైనది రాయి. ఆ వ్యాసం పూర్తిగా చదవకుండా సందేహం పుట్టదు. అందుకే 83 మందికి రాయలేవు, ఎనిమిది మందికి రాయగలవు. ఒక్కొక్కరి వ్యాసాలు రెండేసి చదవడానికి నీకు వారం పడుతుంది. పట్టనీ. ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. సిలికా, ఫాస్ఫేట్‌ల సంగతి ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు. సిలికా కొలిచేటప్పుడు ఆక్సాలిక్ ఆమ్లం ఎందుకు వేశావంటే, ఫాస్ఫేట్ వల్ల వచ్చే రంగును అది చెరిపేస్తుంది కాబట్టి అని చెప్పగలగాలి. వేయకపోతే, వేయలేదని చెప్పు. ఇప్పుడైతే వేస్తానని చెప్పు. ఆ జవాబుకు కూడా మేం మార్కులు వేసేవాళ్ళం.

ఉద్దానం గురించి ఒక జాగ్రత్త. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో నీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఇంట్లోనే చూశావు. కానీ నీళ్ళ వల్లే జబ్బు వస్తోందని ఉత్తరంలో రాయకు. నీళ్ళ మీద, ఎండలో చెమటోడ్చే పని మీద, పురుగుమందుల మీద అనుమానాలున్నాయి, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నువ్వు కొలిచింది నీళ్ళు, జబ్బును కాదు. పెదనాన్నగారి సంగతి ఒక్క వాక్యం రాయి, అంతకుమించి వద్దు. ఆ వాక్యం మాత్రం తీసేయకు. నీకు ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేది అదొక్కటే.

ఇప్పుడు ఎవరికి, ఏ దారిలో పంపాలో చూద్దాం. దేశానికో పద్ధతి ఉంది, అది తెలియక నీ మెయిళ్ళు సగం వృథా అయ్యాయి. జర్మనీలో, స్వీడన్, డెన్మార్క్‌లలో పీహెచ్‌డీ సీటు చాలామటుకు ఉద్యోగ ప్రకటనగా వస్తుంది. దానికో నంబరు, గడువు తేదీ, ఏమేం తెలిసుండాలో జాబితా ఉంటాయి. యూరప్ పరిశోధన ఉద్యోగాలు వచ్చే యూరాక్సెస్ పోర్టల్‌లోనూ, ఆయా విశ్వవిద్యాలయాల సైట్లలోనూ చూడొచ్చు. ప్రకటన ఉన్నప్పుడు ఆ ప్రకటనకే, వాళ్ళడిగిన తీరులోనే దరఖాస్తు చేయాలి. వాళ్ళు నాలుగు అర్హతలు అడిగితే ఉత్తరంలో నాలుగింటికీ జవాబుండాలి. మూడే ఉంటే నాలుగోది లేదని, నేర్చుకుంటానని రాయాలి. అక్కడ పరిశోధక విద్యార్థికి జీతమిస్తారు. జీవశాస్త్రాల్లో చాలాచోట్ల టీవీ-ఎల్ 13 అనే జీతాల స్కేలులో 65 శాతం కాంట్రాక్టు, అంటే పూర్తి జీతంలో అంత వంతు, ఉంటుంది. మాక్స్ ప్లాంక్ అనే పరిశోధన సంస్థలు విశ్వవిద్యాలయాలతో కలిసి నడిపే ఐఎంపీఆర్ఎస్ అనే పరిశోధన పాఠశాలలున్నాయి, వాటికి ఒకే దరఖాస్తు పెడితే చాలామంది గైడ్లు చూస్తారు. అమెరికాలో జీవశాస్త్రాలకు దరఖాస్తు ప్రొఫెసర్‌కు కాదు, డిపార్ట్‌మెంట్‌కు. ఎక్కువచోట్ల గడువు డిసెంబరులో పడుతుంది, సీటిచ్చేది కమిటీ. ఫలితం చెప్పాక ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే వీలిస్తారు. దరఖాస్తు ఫీజులు వేలల్లో ఉంటాయి కాబట్టి, మాఫీ ఉందా అని ముందే రాసి అడుగు. అడగడం నామోషీ కాదు.

మన దేశంలో మాత్రం చాలాచోట్ల ఫెలోషిప్ పరీక్షే తలుపు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000, పైన ఇంటద్దె. 2023 జనవరి నుంచి ఈ లెక్క అమల్లో ఉంది. మీ నాన్నగారి మీద ఆధారపడకుండా చదువుకోగలిగే డబ్బు. అందుకని మూడోసారి రాయమనే చెబుతాను, కానీ పద్ధతి మార్చి. లైఫ్ సైన్సెస్ పేపర్‌లో పార్ట్ సిలో 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు. ఒక్కోదానికి 4 మార్కులు, అంటే మొత్తం 200లో సగం అక్కడే ఉంది. తప్పయితే పావు వంతు పోతుంది. సిలబస్‌లో 13 యూనిట్లుంటే పదమూడూ పైపైన చదివినవాళ్ళే కొద్దిలో పోగొట్టుకుంటారు. నీది బయోకెమిస్ట్రీ. అణువులు, కణం, కణాల మధ్య సంకేతాలు, జంతు శరీరధర్మం, ప్రయోగ పద్ధతులు, ఈ ఐదు యూనిట్లు లోతుగా పట్టు, మిగతావి పార్ట్ బి కోసం చూసుకో. నెట్ ఒక్కటే కాదు, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) వాళ్ళ బెట్, గేట్, జీవశాస్త్రాలకు ముంబయిలోని టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థ ప్రవేశపరీక్ష ఉన్నాయి. ఒకదానికి చదివింది మిగతావాటికి పనికొస్తుంది. సంస్థలనగానే అందరూ హైదరాబాద్ హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పేరే చెబుతారు. మంచిదే, దానికీ పెట్టు. కానీ మీ ఊరికి బరంపురంలోని కేంద్ర విజ్ఞాన విద్యా సంస్థ ఐసర్ విశాఖ కన్నా దగ్గర. పొద్దున రైలెక్కితే ఒకసారి వెళ్ళి చూసి రాత్రికి ఇంటికి రావచ్చు. సెమినార్లు బయటివాళ్ళు వినొచ్చా అని అక్కడి ఆఫీసుకు రాసి కనుక్కో.

సిఫారసు ఉత్తరాల గురించి నువ్వు అడగలేదు. అయినా చెప్పాలి, ఎందుకంటే నాకో ఏడాది అక్కడే పోయింది.

1993లో నేను విశాఖలో ఎమ్మెస్సీ అయ్యాక ఒక పరిశోధన సంస్థకు దరఖాస్తు చేశాను. రెండు సిఫారసు ఉత్తరాలు కావాలన్నారు. మా మాస్టార్లలో ఇద్దరినీ అడిగితే ఇద్దరూ, ‘నువ్వే రాసి తీసుకురా అమ్మాయ్, సంతకం పెడతాను’ అన్నారు. పెద్దవాళ్ళు చెప్పారు కదా అని రాశాను. రెండూ మా హాస్టల్ ఎదురుగా ఉన్న ఒకే టైపు షాపులో కొట్టించాను. ఇంటర్వ్యూలో బోర్డు మధ్యలో కూర్చున్నాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, ఒక్క అక్షరం మీద వేలు పెట్టి చూపించారు. రెండింట్లోనూ ఇంగ్లీషు ‘ఆర్’ గీత మీద నుంచి కాస్త పైకి లేచి ఉంది. మిషన్‌లో ఆ అచ్చు వదులైందన్నమాట. ఆయన కోప్పడలేదు. ‘ఈ ఉత్తరాలు ఎవరు రాశారమ్మా?’ అని మెల్లగా అడిగారు. నేనే రాశానని చెప్పాను. మిగతా ఇంటర్వ్యూ బాగానే జరిగింది, కానీ ఆ ఏడు నన్ను తీసుకోలేదు. తప్పు నాదే. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆ లేచిన అక్షరమే కళ్ళ ముందు ఉంది.

ఇప్పుడు టైపు మిషన్లు లేవు. పద్ధతి మాత్రం అలాగే ఉంది. ‘నువ్వే రాసుకురా’ అంటే నువ్వు చేయాల్సింది ఒకటుంది. ఉత్తరం రాయకు, ఒక పేజీ వివరాలు రాసివ్వు. వాళ్ళ క్లాసు ఏ సెమిస్టర్‌లో విన్నావు, ప్రాజెక్టు ఏ నెల నుంచి ఏ నెల దాకా చేశావు, ఏ పరికరం మీద చేశావు, ఆ మూడు వారాల్లో ఏం జరిగింది. దాన్ని చూసి రాయడం వాళ్ళకూ తేలిక, మొహమాటం లేకుండా అడగొచ్చు. గడువుకు మూడు వారాల ముందు ఇవ్వు, వారం ముందు ఒకసారి గుర్తు చెయ్. విదేశీ పోర్టల్స్ మాస్టార్ల ఈమెయిల్ అడుగుతాయి. కాలేజీ పేరుతో ఉన్న మెయిల్ ఐడీ లేకపోతే కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించి, ఫోన్ నంబరు వేయించు.

బీఈడీ సంగతి. చేసుకోమన్నందుకు ఇంట్లోవాళ్ళను తప్పు పట్టను. టీచరు పని చిన్నదీ కాదు. కానీ పరిశోధన రాదేమోనన్న భయంతో చేరొద్దు. నాన్నగారితో కూర్చుని ఒక గడువు పెట్టుకో, వచ్చే రెండు నెట్‌ల వరకు అని. ఈలోగా ప్రాజెక్టు ఉద్యోగాల వాకిన్ ఇంటర్వ్యూలకు వెళ్ళు, ల్యాబులో చేయి ఆడుతూ ఉంటుంది. కొత్త ఉత్తరం తెలుగు ప్రతి నాకు పంపు. ఇంగ్లీషులోకి నేను మార్చను, తెలుగులోనే దిద్ది పంపుతాను.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి ఒక విశ్వవిద్యాలయంలో రెండున్నరేళ్ళుగా ప్రాజెక్టులో పని చేస్తోంది. ‘వచ్చే ఏడాది పీహెచ్‌డీలో రిజిస్టర్ చేస్తా’ అని గైడుగారు ప్రతి ఏడాదీ అంటున్నారు. ఫెలోషిప్ కూడా నెలల తరబడి ఆగి వస్తోంది. సంబంధాలు చూసేవాళ్ళు అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే మాకు చెప్పడం రావడం లేదు. ఆమె ఆగాలా, మానేయాలా?
ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: అయ్యా, మీ అమ్మాయి చేస్తున్నది ఉద్యోగం. పీహెచ్‌డీ ఇంకా మొదలుకాలేదు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది పిల్లలు ఏళ్ళు పోగొట్టుకుంటున్నారు. ప్రాజెక్టు డబ్బు ఎంతవరకు ఉంటే ఉద్యోగం అంతవరకే. నియామక పత్రంలో కో-టెర్మినస్ అన్న మాట ఉందేమో చూడండి, దాని అర్థం అదే. రిజిస్ట్రేషన్ గైడుగారి దయ మీద జరిగేది కాదు. విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ వేయాలి, అమ్మాయికి నెట్టో ఆ విశ్వవిద్యాలయం అడిగే అర్హతో ఉండాలి, గైడు దగ్గర ఖాళీ ఉండాలి. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నియమాల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4కు మించి పీహెచ్‌డీ విద్యార్థులు ఉండకూడదు. ‘సర్, మీ దగ్గర ఇప్పుడు ఎన్ని ఖాళీలున్నాయి’ అని అమ్మాయి మర్యాదగా అడగొచ్చు. జవాబు స్పష్టంగా రాకపోతే అదే జవాబు.

వెంటనే మానేయమనను. ప్రాజెక్టు గడువు అయ్యేదాకా ఉండి, ఈలోగా నెట్ లేదా గేట్ రాసి, వేరే చోట్ల దరఖాస్తు చేయమనండి. బయటికి వచ్చేముందు అనుభవ పత్రం తీసుకోవాలి, అందులో తేదీలు, చేసిన పని ఉండాలి. తన పని వ్యాసంగా వస్తే పేరు ఉంటుందా అని ఇప్పుడే అడగాలి, మెయిల్‌లో అడగాలి. ఇక సంబంధాలవాళ్ళు అడిగితే, ‘మా అమ్మాయి విశ్వవిద్యాలయంలో పరిశోధన ఉద్యోగం చేస్తోంది’ అని చెప్పండి. అది పూర్తిగా నిజం. మీరు తడబడితే ఆ పిల్ల కూడా తడబడుతుంది.

ప్రశ్న: జర్మనీలో పీహెచ్‌డీ సీటు ఇప్పిస్తామని, దానితోపాటు నా పేరు మీద రెండు పరిశోధన వ్యాసాలు అచ్చువేయిస్తామని ఒక కన్సల్టెన్సీవాళ్ళు 1,80,000 అడుగుతున్నారు. కట్టొచ్చా?
ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కట్టొద్దు బాబూ. ఒక్క రూపాయి కూడా. పైన పలాస అమ్మాయికి చెప్పినట్టు అక్కడ నీకే జీతమిస్తారు, సీటు అమ్మేవాళ్ళుండరు. గైడు నీతో మాట్లాడి తీసుకుంటారు, మధ్యవర్తితో కాదు. డబ్బిస్తే వారంలో అచ్చయ్యే వ్యాసం ఇంకా ప్రమాదం. ఇంటర్వ్యూలో ‘ఈ రెండో పట్టిక ఎలా వచ్చింది’ అని అడిగితే నువ్వు చెప్పలేవు. ఇంటర్నెట్‌లో ఆ వ్యాసం నీ పేరుతో ఎప్పటికీ ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చి ఉంటే రశీదు, మెసేజ్‌లు దాచిపెట్టి ఈరోజే వెనక్కి అడుగు.

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. 2014లో ఎమ్మెస్సీ బోటనీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. పెళ్ళి, ఇద్దరు పిల్లలతో ల్యాబుకు దూరమయ్యాను. ఇప్పుడు చిన్నవాడు బడికి వెళ్తున్నాడు. ఎమ్మెస్సీలో పుప్పొడి మీద చేసిన పని ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఈ వయసులో దరఖాస్తు చేస్తే నవ్వుతారా? అప్పటి రికార్డు పుస్తకం ఇంకా అటక మీద పెట్టెలో ఉంది.
ఒక గృహిణి, గుంటూరు

జవాబు: ఎవరూ నవ్వరమ్మా. పిల్లలను బడికి పంపి వచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. సమయానికి ఇల్లు చేరాల్సినవాళ్ళు కాబట్టి పొద్దున ఏం చేయాలో రాత్రే రాసుకుని వచ్చేవాళ్ళు.

పీహెచ్‌డీకి వయోపరిమితి లేదు. నెట్‌లో కూడా అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు, పీహెచ్‌డీ ప్రవేశానికి వయసు చూడరు. జేఆర్‌ఎఫ్‌కు మాత్రం చూస్తారు. మహిళలకు 5 ఏళ్ళ సడలింపు ఉంది, వయసు ఏ తేదీకి లెక్కిస్తారో నోటిఫికేషన్‌లో ముందు అదే వెతకండి, మీకు నెలలు కూడా ముఖ్యం. పీహెచ్‌డీ చేయాలనుకునే మహిళల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వైజ్-పీహెచ్‌డీ అనే ఫెలోషిప్ పెట్టింది. 27 నుంచి 45 ఏళ్ళ మధ్యవాళ్ళకు. మీరు ఆ మధ్యలోనే ఉన్నారు. 2022 యూజీసీ నియమాల్లో పీహెచ్‌డీకి మామూలుగా ఆరేళ్ళ గడువైతే మహిళలకు ఇంకో రెండేళ్ళు ఇవ్వొచ్చని, ప్రసూతికీ పిల్లల సంరక్షణకూ 240 రోజుల వరకు సెలవు ఉండొచ్చని ఉంది. చేరే ముందు గైడుతో ఈ మాట ధైర్యంగా ఎత్తండి.

దరఖాస్తులో ఈ ఖాళీ ఏళ్ళను దాచకండి. ‘2014 నుంచి పిల్లల పెంపకం’ అని ఒక్క గీత రాయండి, సంజాయిషీ వద్దు. కానీ ఇన్నేళ్ళలో మీ రంగంలో ఏం మారిందో తెలుసుకున్నట్టు కనబడాలి. మీ ఊళ్ళోనే ఏదైనా కాలేజీ బోటనీ డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళి, వారానికి రెండు పూటలు మైక్రోస్కోపు వాడుకోనివ్వమని అడగండి. గుంటూరు చుట్టూ మిరప, పత్తి పొలాలుండగా పుప్పొడికి కొరత లేదు. ఒక చేలో, ఒక నెలపాటు, ఏ పొద్దు ఏ పుప్పొడి ఎంత రాలుతోందో లెక్కపెట్టండి. స్లైడుకు వాజలిన్ పూసి చేలో పెట్టడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెల రోజుల లెక్కే మీ దరఖాస్తులో మొదటి పేరా అవుతుంది.

పాత రికార్డు పుస్తకం అటక మీద పెట్టెలో ఉందని చివర్లో రాశారు. ఈ ఆదివారం దింపండి. పుప్పొడి బొమ్మలు వేసిన పేజీలు ఫొటో తీసి పంపండి, వచ్చే నెల వాటి గురించే రాస్తాను.